పెరటిగుమ్మం వైపు నుంచి అలెగ్జాండ్రియా

(స్మారకోపన్యాస పాఠం)



ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు కళాశాలలో ప్రపంచ చరిత్ర చెప్పేవారు. రాజుల పేర్లూ తేదీలూ ఆయనకు కంఠతా వచ్చు. అయినా వాటితో పాఠం మొదలుపెట్టిన రోజు లేదు. ఏ నగరం గురించి చెప్పినా ముందు పటం గోడకి తగిలించేవారు. ఆ ఊరికి తాగునీరు ఎటునుంచి వస్తుంది, మురుగు ఎటు పోతుంది, తిండిగింజలు ఎవరు మోసుకొస్తారు అన్నవి తేలాకే సింహాసనం దాకా వెళ్ళేవారు. ఏం మాట్లాడాలో నిర్వాహకులు నా ఇష్టానికే వదిలేశారు కనక, ఆయన పద్ధతికి బాగా లొంగే ఊరొకటి ఎంచుకున్నాను. ఈజిప్టు ఉత్తర తీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న అలెగ్జాండ్రియా. అక్కడివాళ్ళు ఇస్కందరియ్యా అంటారు.

ఈ పేరు వినగానే మనకు దీపస్తంభం, గ్రంథాలయం, క్లియోపాత్రా గుర్తొస్తారు. ఆధునిక సాహిత్యం చదివినవాళ్ళకు ఇంకొకటి కూడా తోస్తుంది: గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు, సిరియన్లు కలిసి కాఫీలు తాగిన ఆ పాత నగరం. ఇవన్నీ పోయినవే. ఈనాడు యాభై లక్షలకు పైగా జనం కాపురముంటున్న ఊరిని ప్రపంచం పోయినవాటి పట్టికగానే చదువుకుంటూ వచ్చింది.

ఇంటికి వీధిగుమ్మం, పెరటిగుమ్మం ఉన్నట్టే ఈ ఊరికీ రెండు గుమ్మాలు. వీధిగుమ్మం సముద్రం. ఓడలు, సైన్యాలు, వర్తకులు, కవులు అటునుంచి వచ్చారు, చరిత్రంతా అటువైపే రాశారు. పెరటిగుమ్మం ఒక కాలువ. నైలు నీరు, ధాన్యం, పత్తి, కూలి జనం అటునుంచి వచ్చారు. ఆ కాలువ పారినంత కాలం ఊరు పెరిగింది, పూడినప్పుడల్లా ఊరు చిక్కింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచింది ఇదొక్కటే.

స్థలం ఎంపిక

క్రీస్తుపూర్వం 331లో అలెగ్జాండర్ ఇక్కడ నగరానికి ముగ్గు వేయించాడు. అప్పటికే రాకోటిస్ అనే పల్లె ఉండేది. ఉత్తరాన సముద్రం, దక్షిణాన మేరియోటిస్ సరస్సు, మధ్యన సన్నని సున్నపురాతి మిట్ట. తీరానికి ఎదురుగా ఫారోస్ అనే చిన్న దీవి. నైలు ముఖాలన్నిటికీ ఇది పడమర పక్కన ఉంది. ఈ తీరంలో సముద్ర ప్రవాహం పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. అందువల్ల నది తెచ్చే ఒండ్రు తూర్పు వైపు కొట్టుకుపోతుందే తప్ప ఈ రేవును పూడ్చదు. రేవుగా ఇంతకన్నా మంచి చోటు ఆ తీరంలో దొరకదు.

రేవును కాపాడిన ఆ ఎడమే ఊరికి దాహం తెచ్చింది. నదికి దూరం కనక తాగడానికి నీళ్ళు లేవు. నైలు పడమటి పాయ అయిన కనోపిక్ పాయ నుంచి కాలువ తవ్వి నీళ్ళు తెచ్చారు. వరద రోజుల్లో వచ్చిన నీటిని ఇళ్ళకిందా వీధులకిందా కట్టిన తొట్లలో నింపుకుని ఏడాదంతా వాడుకున్నారు. స్తంభాల మీద స్తంభాలు నిలిపి రెండు మూడు అంతస్తులుగా కట్టిన తొట్లు కూడా ఉన్నాయి. అల్-నబీహ్ తొట్టి ఇప్పటికీ చూడవచ్చు. నేల మీది నగరానికి ఆధారంగా నేలకింద ఇంకొక నీటి నగరం ఉండేదన్నమాట.

దీని విలువ జూలియస్ సీజర్‌కు బాగా తెలిసొచ్చింది. క్రీస్తుపూర్వం 48-47 శీతకాలంలో, సింహాసనం కోసం జరిగిన కలహంలో క్లియోపాత్రా పక్షాన ఈ ఊళ్ళో చిక్కుకుపోయినప్పుడు, ఎదుటి పక్షపు సేనాని గానిమీడిస్ కత్తి దూయకుండానే అతన్ని ఇరుకున పెట్టాడు. చక్రాలతో సముద్రపు నీరు తోడించి సీజర్ ఉన్న పేటకు వెళ్ళే నీటి కాలువల్లోకి వదిలాడు. తాగే నీళ్ళు ఉప్పెక్కేసరికి రోమన్ సైనికులు బెంబేలెత్తిపోయారు. సీజర్ రాత్రికి రాత్రి బావులు తవ్వించి, మంచినీరు పడ్డాకే ఊపిరి పీల్చుకున్నాడు. ఈ ఊళ్ళో యుద్ధం చేసినవాళ్ళకు దాని నీటి గుట్టు మొదటినుంచీ తెలుసు.

మన పక్కనుంచి ఒక చూపు

ఈ నగరానికీ తెలుగు నేలకూ పాత పరిచయం ఉంది. అలెగ్జాండ్రియా దీపస్తంభం క్రీస్తుపూర్వం 280 ప్రాంతంలో, రెండో టోలెమీ ఏలుబడిలో పూర్తయింది. ఎత్తు వంద మీటర్లు దాటిందంటారు. ఆ టోలెమీ పేరును అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో, ధర్మవిజయం చేరిన దేశాల రాజుల వరసలో చెప్పాడు. ఆ పధ్నాలుగు శాసనాల ప్రతి మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది.

నాలుగు వందల ఏళ్ళ తరవాత అలెగ్జాండ్రియాలోనే కూర్చుని క్లాడియస్ టోలెమీ అనే పండితుడు భూగోళ గ్రంథం రాశాడు. ఇతను రాజు కాడు, గ్రహగతులు లెక్కకట్టిన మనిషి. మన కృష్ణా ముఖాల ప్రాంతాన్ని మైసోలియా అని, అక్కడి వర్తక కేంద్రాన్ని కొంటకోస్సిలా అని నమోదు చేశాడు. అది నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. అతను మన తీరానికి వచ్చినవాడు కాడు. ఓడల మీద తిరిగి వచ్చినవాళ్ళు చెప్పిన దూరాలూ దిక్కులూ పోగుచేసి రాశాడు. రేవు అంటే సరుకుతోపాటు సమాచారం కూడా దిగే చోటు. ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కగట్టింది, యూక్లిడ్ రేఖాగణితం నేర్పింది అలెగ్జాండ్రియాలోనే.

ప్రాచీన గ్రంథాలయం గోడ ఒక్కటైనా దొరకలేదు. పాఠాలు జరిగిన గదులు మాత్రం దొరికాయి. ఊరి నడుమ కోమ్ ఎల్-దిక్కా అనే దిబ్బ మీద 1960 నుంచి పోలండ్ పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వకాలు జరుపుతున్నారు. అక్కడ అయిదు నుంచి ఏడో శతాబ్దం దాకా వాడిన ఇరవైకి పైగా ఉపన్యాస మందిరాలు బయటపడ్డాయి. మూడు గోడల వెంబడి విద్యార్థులకు రాతిమెట్లు, ఒక కొసన ఎత్తుగా గురువు పీఠం. పక్కనే స్నానశాలలు, వాటికి నీరందించిన పెద్ద తొట్టి. 415లో గణిత పండితురాలు హైపాటియాను మూకలు చంపడంతో ఈ ఊళ్ళో చదువు చచ్చిపోయిందని చాలా పుస్తకాలు ముగిస్తాయి. ఆ తరవాత రెండు వందల ఏళ్ళు ఈ గదుల్లో పాఠాలు సాగుతూనే ఉన్నాయి. ఒక ఉపాధ్యాయుడి పేరిట జరుగుతున్న సభలో ఈ సంగతి చెప్పకపోతే బాగుండదు.

పూడిక

641-42లో అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్-ఆస్ నగరాన్ని స్వాధీనం చేసుకుని, రాజధానిని లోపలికి, తరవాత కైరోగా పెరిగిన ఫుస్తాత్‌కు మార్చాడు. రేవు వెంటనే పడిపోలేదు. మధ్యయుగాల్లో మిరియాలూ దాల్చినచెక్కా ఎర్ర సముద్రం దాటి, నైలు మీదుగా ఇక్కడికి చేరి, వెనీసు వర్తకుల ఓడలెక్కేవి. ఆండలూసియా నుంచి, మఘ్రిబ్ నుంచి హజ్‌కు వెళ్ళేవాళ్ళు ఇక్కడే దిగేవారు. కొందరు ఇక్కడే ఉండిపోయారు. నేటికీ ఊరివాళ్ళు మొక్కుకునే అబుల్ అబ్బాస్ అల్-ముర్సీ స్పెయిన్‌లోని ముర్సియా నుంచి వచ్చిన సూఫీ.

ఈలోగా వెనకవైపు కనోపిక్ పాయ క్రమంగా పూడిపోయింది. కాలువకు నీరందాలంటే మాటిమాటికీ కొత్తగా తవ్వాలి. పద్నాలుగో శతాబ్దంలో మమ్లూక్ సుల్తాన్ అల్-నాసిర్ ముహమ్మద్ తవ్వించాడు, ఆ తరవాత ఇంకొందరు తవ్వించారు. తవ్విన ప్రతిసారీ ఊరు కొన్నాళ్ళు తేరుకునేది, మళ్ళీ మేటలు పడేవి. అటు 1303, 1323 భూకంపాల్లో దీపస్తంభం దెబ్బతింది. 1349లో రెండోసారి వచ్చిన ఇబ్న్ బతూతా అందులోకి అడుగు పెట్టలేకపోయాడు. 1477-79 మధ్య సుల్తాన్ కాయిత్‌బే ఆ చోటే కోట కట్టించాడు.

దీపస్తంభం కూలడాన్ని అందరూ చెప్పుకుంటారు. ఊరిని నిజంగా కూల్చింది మాత్రం ఆ మేటలే. 1798లో నెపోలియన్ దిగేనాటికి ఇక్కడ పదివేల మంది కూడా లేరు. 1801లో ఫ్రెంచివాళ్ళను ఊళ్ళో దిగ్బంధం చేయడానికి బ్రిటిష్ సైన్యం గట్టు తెగ్గొట్టి, ఎండిపోయి ఉన్న మేరియోటిస్ పల్లంలోకి సముద్రాన్ని వదిలింది. పల్లెలూ పొలాలూ ఉప్పునీట మునిగాయి. గానిమీడిస్ వీధి కాలువల్లో చేసిన పనిని వీళ్ళు ఒక సరస్సు మేర చేశారు.

కాలువ తవ్వినవాళ్ళు

ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీకి సొంత నౌకాదళం కావాలి, ఎగుమతులు కావాలి. అందుకు అలెగ్జాండ్రియా కావాలి. ఓడరేవు కన్నా ముందు అతను పట్టించుకున్నది కాలువను. నైలు రోసెట్టా పాయ నుంచి రేవు దాకా డెబ్బై కిలోమీటర్లకు పైగా సాగే మహ్మూదియ్యా కాలువను 1817-20 మధ్య తవ్వించాడు. అప్పటి ఒట్టొమన్ సుల్తాన్ రెండో మహ్మూద్ పేరు పెట్టారు.

తవ్వింది వెట్టికి పట్టుకొచ్చిన రైతులు. ఊళ్ళకు ఊళ్ళే, లక్షల మంది. ఆకలితో, దాహంతో, అలసటతో ఎంతమంది చచ్చారో కచ్చితమైన లెక్క లేదు. పన్నెండు వేలని తక్కువలో తక్కువ అంచనా, దానికి ఎన్నో రెట్లని మరికొందరి మాట. ఆ కాలపు చరిత్రకారుడు అల్-జబర్తీ, పనిలో కూలినవాళ్ళను తవ్విన మట్టిలోనే కప్పేసిన సంగతి రాసిపెట్టాడు. తరవాత యాభై ఏళ్ళకు సూయెజ్ కాలువ ప్రారంభానికి యూరప్ రాజులూ రాణులూ తరలివచ్చారు. మహ్మూదియ్యా తవ్వినవాళ్ళు మాత్రం ఏ కథలోకీ ఎక్కలేదు.

నీళ్ళు రావడంతో జనం వచ్చారు. పదివేలు లేని ఊరు అరవై ఏళ్ళలో రెండు లక్షలు దాటింది. జూమెల్ అనే ఫ్రెంచివాడు ప్రోత్సహించిన పొడుగు పింజ పత్తి డెల్టా పొలాల నుంచి కాలువ పడవల మీద మినెట్ ఎల్-బస్సల్ గిడ్డంగులకు చేరేది. కాలువ రేవును కలిసే చోట ఉన్న పేట అది. పత్తి ధరలు అక్కడ పలికేవి. 1856 నాటికి కైరోకు రైలు పడింది, ఆఫ్రికాలో మొదటి రైలు మార్గం అది. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఈజిప్టు పత్తికి బంగారపు ధర వచ్చింది. ఆ ధర చూసి పాలకులు చేసిన అప్పులే 1876లో ఖజానాను దివాలా తీయించాయి, 1882 జులై 11న బ్రిటిష్ యుద్ధనౌకల గుళ్ళను ఊరి మీద కురిపించాయి, ఆపైన డెబ్బై ఏళ్ళు బ్రిటిష్ సైన్యాన్ని దేశంలో కూర్చోబెట్టాయి.

ఎవరి నగరం?

ప్రపంచ సాహిత్యం తలచుకుని కన్నీరు పెట్టుకునే అలెగ్జాండ్రియా ఈ పత్తి డబ్బుతో లేచినదే. అందులో నిజమైన అందం లేదని నేననను. 1863లో ఇక్కడ పుట్టిన గ్రీకు కవి కవాఫీ, ఈ ఊరి గతాన్ని కవిత్వంగా మలచి ఆధునిక మహాకవుల సరసన నిలిచాడు. ఆయన ముప్పై ఏళ్ళు పొట్టపోసుకున్నది ప్రభుత్వ నీటిపారుదల శాఖలో గుమాస్తాగా. పగలు కాలువల దస్త్రాలు, రాత్రి టోలెమీ రాజులు. ఈ ఊరి రెండు గుమ్మాలూ ఒక్క మనిషిలో కలిసిన సందర్భం అది. ఇటాలియన్ కవి ఉంగరెట్టి ఇక్కడే పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్‌క్రాస్ పని మీద వచ్చిన ఇ.ఎం. ఫోర్‌స్టర్ ఈ ఊరి చరిత్ర రాశాడు. లారెన్స్ డరెల్ ఈ ఊరి మీదే నాలుగు నవలలు రాశాడు.

అయితే విదేశీయులు ఏనాడూ ఊళ్ళో కొద్ది భాగమే. మిగతా వాళ్ళు డెల్టా నుంచి, ఎగువ ఈజిప్టు నుంచి వచ్చిన హమాలీలు, గిడ్డంగి కూలీలు, తాపీ పనివాళ్ళు, చేపలవాళ్ళు. విదేశీయుల వ్యాజ్యాలకు వేరే కోర్టులుండేవి. 1876లో పెట్టిన ఆ మిశ్రమ న్యాయస్థానాలు 1949 దాకా నడిచాయి. పురపాలక సంఘంలో పెత్తనం ఆస్తిపరులది, వర్తకులది. ఈ ఊరివాడే అయిన బైరమ్ అల్-తూనిసీ వీధి భాషలో ఆ సంఘాన్నీ దాని పన్నులనూ ఎగతాళి చేస్తూ పద్యం కడితే ఊరంతా పాడుకుంది. ఇందాక చెప్పిన కోమ్ ఎల్-దిక్కా పేటలో 1892లో సయ్యద్ దర్వీష్ పుట్టాడు. బతుకుతెరువుకు తాపీ పని చేస్తూ, తోటి కూలీలకు పాడుతూ, చివరికి అరబ్బు సంగీతానికే కొత్త దారి వేశాడు. ఈజిప్టు జాతీయగీతానికి ఈనాటి బాణీ అతనిదే. డరెల్ నవలల్లో ఇలాంటివాళ్ళు పక్కనుంచి నడిచిపోయే నీడలు. ఈజిప్టు నవలాకారుడు మహ్‌ఫూజ్ 'మీరామార్'లో, ఎద్వార్ అల్-ఖర్రాత్ రచనల్లో, ఇబ్రాహీం అబ్దెల్ మెగీద్ 'ఇస్కందరియ్యాలో ఎవరూ నిద్రపోరు' నవలలో, యూసఫ్ షాహీన్ సినిమాల్లో ఈ ఊరు తన గొంతుతో మాట్లాడింది.

1952 జులై 26న ఫారూక్ రాజు గద్దె దిగి, రాస్ ఎల్-తీన్ భవనం నుంచి ఓడెక్కి వెళ్ళిపోయాడు. సరిగ్గా నాలుగేళ్ళకు అదే తేదీన మన్షియ్యా చౌకులో అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేస్తున్నానని ప్రకటించాడు. ప్రసంగం మధ్యలో ఆ కాలువ నిర్మాత దె లెసెప్స్ పేరు పలకడమే కాలువ కార్యాలయాలను పట్టుకోవలసిన మనుషులకు సంకేతం. ఆ ఏడాది సూయెజ్ యుద్ధం తరవాత బ్రిటిష్, ఫ్రెంచి పౌరులను, యూదుల్లో చాలామందిని వెళ్ళగొట్టారు. 1961 జాతీయీకరణలతో గ్రీకులు, ఇటాలియన్లు కూడా కదిలారు. వీరిలో తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన పేదలూ, గుమాస్తాలూ ఉన్నారు. వాళ్ళకు జరిగింది అన్యాయమే. కాలువ తవ్వినవాడికి జరిగిన అన్యాయం దీనికి జవాబు కాదు. ఒకటి చెప్పి రెండోది దాచకూడదనే నా మనవి.

ఇప్పటి ఊరు

ఈజిప్టు విదేశీ వాణిజ్యంలో పెద్ద వాటా ఇప్పటికీ అలెగ్జాండ్రియా, దాని పక్కనున్న దెఖేలా రేవుల మీదుగానే నడుస్తుంది. అన్ఫూషీ పేటలో తెల్లవారుజామున చేపల వేలం సాగుతుంది, పక్కనే చెక్క పడవలు కడతారు. వీధి మలుపుల్లో పచ్చిమిరప, వెల్లుల్లి దట్టించి వేయించిన కార్జాన్ని రొట్టెలో పెట్టి అమ్ముతారు. మైక్రోబస్సులను ఇక్కడ మష్రూ అని పిలుస్తారు, సముద్రం వెంట పోయే కోర్నీష్ రోడ్డు మీద వాటిదే రాజ్యం. చలికాలపు తుఫాన్లకు పేర్లున్నాయి: మక్నసా, కాసిం, ఫైదా, చివర్లో మార్చి నెల అవ్వా. జాలరులు తరతరాలుగా ఈ పేర్లతోనే వల ఎప్పుడు కట్టిపెట్టాలో నిర్ణయించుకుంటారు.

2002 అక్టోబరులో, సముద్రం వైపు వాలిన పెద్ద చక్రంలాంటి కప్పుతో కొత్త గ్రంథాలయం తెరుచుకుంది. 2011 జనవరి తిరుగుబాటులో పోలీసులు మాయమైనప్పుడు, విద్యార్థులూ ఊరివాళ్ళూ చేయీ చేయీ పట్టుకుని దాని చుట్టూ కాపలా నిలబడ్డారు. ఆ తిరుగుబాటుకు నిప్పు రాజేసిన సంఘటనల్లో ఒకటి, 2010 జూన్‌లో ఇక్కడే పోలీసుల చేతిలో ఖాలిద్ సయీద్ అనే యువకుడి మరణం. పాత గ్రంథాలయాన్ని ఎవరు తగలబెట్టారని ప్రపంచం రెండువేల ఏళ్ళుగా వాదించుకుంటోంది. కొత్తదాన్ని ఎవరు కాపాడారో మనకు తెలుసు.

మళ్ళీ నీళ్ళ దగ్గరికి వస్తాను. సముద్రమట్టం పెరుగుతోంది, డెల్టా నేల కుంగుతోంది. అస్వాన్ ఎత్తైన ఆనకట్ట కట్టాక నైలు ఒండ్రు తీరానికి చేరడం మానేసింది, తీరాన్ని పూడ్చుకునే మట్టి కరువైంది. ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చి పునాదులను తినేస్తోంది. 2011 తరవాత అనుమతుల్లేకుండా లేచిన మేడలు దీనికి తోడయ్యాయి. భవనాలు కూలడం తరచుగా వినే వార్త అయింది. 2017లో అజారీటా పేటలో ఓ బహుళ అంతస్తుల మేడ పక్కకు ఒరిగి ఎదురింటిని ఆనుకుంది.

ప్రభుత్వం సముద్రం వైపు కాంక్రీటు దిమ్మెలు పేరుస్తోంది. 1993లో కాయిత్‌బే కోటను కాపాడేందుకు అలాంటి దిమ్మెలే వేస్తుంటే, వాటి కింద పాత దీపస్తంభపు రాళ్ళున్నాయని గొడవ అయింది. 1994లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు జాన్-ఈవ్ ఎంపెరర్ బృందం నీటి అడుగున వెతికి పెద్ద పెద్ద శిలలూ విగ్రహాలూ గుర్తించింది. గోడ కట్టబోతేనే గతం దొరికింది.

వెనకవైపు సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. మర్యూత్ సరస్సు, అంటే పాత మేరియోటిస్, సముద్రమట్టానికి సుమారు మూడు మీటర్లు దిగువన ఉంది. పొలాల మురుగూ ఊరి మురుగూ అందులోకి చేరతాయి. ఆ నీరు తనంతట తాను సముద్రంలోకి పోలేదు. ఎల్-మక్స్ దగ్గర పంపులు రాత్రింబవళ్ళు తోడి పోయాలి. 2015 అక్టోబరు వానకు వీధులు మునిగి మనుషులు చనిపోతే గవర్నరు రాజీనామా చేశాడు. ఆ రోజు ఊరిని ముంచింది అలలు కావు, పోయే దారి లేని నీరు.

ఇక మహ్మూదియ్యా. రైలూ రోడ్డూ వచ్చాక దాని మీద పడవలు తగ్గాయి, కర్మాగారాలూ ఇళ్ళూ చెత్త పోశాయి, కంపు భరించలేక జనం మొర పెట్టుకున్నారు. ఊరి లోపల ఇరవై కిలోమీటర్లకు పైగా కాలువను కప్పేసి 2020లో విశాలమైన రహదారి తెరిచారు. ఆ రోడ్డు వల్ల ప్రయాణం సుఖమైంది, దోమలు తగ్గాయి. గట్టు పక్క బతికినవాళ్ళు సంతోషించారంటే వాళ్ళను తప్పుపట్టలేం. తాగునీరు మాత్రం ఈనాటికీ నైలు నుంచి కాలువల ద్వారానే రావాలి, ఊరి పైభాగాన శుద్ధి చేసి గొట్టాల్లో పంపుతున్నారు. కంటికి కనిపించని కాలువ పూడినా, కలుషితమైనా పట్టించుకునే కళ్ళు తగ్గుతాయి. ఈ ఊళ్ళో రెండువేల మూడువందల ఏళ్ళుగా ప్రమాదం అలాగే వచ్చింది.

కనక అలెగ్జాండ్రియా రేపటి చరిత్ర కోర్నీష్ మీద కాక ఎల్-మక్స్ పంపుల దగ్గరా, నీటిశుద్ధి కేంద్రాల్లోనూ తేలుతుందని నా నమ్మకం. ఆ పంపులు నడిపే మెకానిక్కులు, పూడిక తీసే కూలీలు, కాలువ ఎగువన తమ వంతు నీటికోసం ఎదురుచూసే బహైరా జిల్లా రైతులు, వీళ్ళు ఆ నగర చరిత్రలో పాత్రధారులు. టోలెమీల పక్కన, కవాఫీ పక్కన వీళ్ళకూ పుటలు కేటాయించినవాడే ఆ ఊరి చరిత్ర పూర్తిగా రాసినవాడవుతాడు. మాస్టారి శిష్యుల్లో యువ పరిశోధకులు ఎవరైనా ఆ పనికి పూనుకుంటే, అల్-జబర్తీ వృత్తాంతం నుంచీ నీటిపారుదల శాఖ దస్త్రాల నుంచీ మొదలుపెట్టమని కోరుతున్నాను.